పన్నెండు మెట్ల లెక్క – హార్మోనియంలో దాగిన గణితం



మన ఊళ్ళలో పౌరాణిక నాటకాలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. పద్యం ఎత్తుకునే ముందు నటుడు హార్మోనిస్టుకు తన శ్రుతి చెబుతాడు. ఒకరిది ఒకటిన్నర శ్రుతి, ఒకరిది నాలుగు, ఇంకొకరిది ఐదున్నర. ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర అన్నీ ఉన్నాయి. కానీ మూడున్నర శ్రుతి అని గాని, ఏడున్నర శ్రుతి అని గాని ఎవరూ అనరు. ఎందుకని?

దీనికి జవాబు మనం ఆరో తరగతి నుండి చేస్తున్న భిన్నాలలోనే ఉంది. అంతేకాదు, ఇదే హార్మోనియాన్ని 1940లో ఆలిండియా రేడియో తన స్టూడియోలలో నుండి బయటకు పంపింది. అందుకు చెప్పిన కారణాలలో ఒకటి, దాని గాంధారం సెకనుకు రెండు మూడు కంపనాల మేర తేడాగా ఉండటమే! ఆ తేడా ఎక్కడి నుండి వచ్చింది, అది ఎవరి తప్పు అన్నది ఈ వ్యాసంలో లెక్క కట్టి చూద్దాం. పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకోండి.

1. ధ్వనికి ఒక అంకె

ఏ వస్తువైనా కంపిస్తేనే ధ్వని పుడుతుంది. సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటాం. దీని ప్రమాణం హెర్ట్జ్. సెకనుకు 240 కంపనాలైతే 240 హెర్ట్జ్. పౌనఃపున్యం పెరిగితే స్వరం హెచ్చవుతుంది, తగ్గితే మంద్రమవుతుంది.

మన చెవికి ఒక విచిత్రమైన గుణం ఉంది. అది తేడాలను కాక నిష్పత్తులను పట్టుకుంటుంది. 240 తర్వాత 480 విన్నా, 300 తర్వాత 600 విన్నా మనకు ఒకే రకమైన ఎగుడు తోస్తుంది. తేడాలు 240, 300 వేరువేరు. నిష్పత్తి మాత్రం రెండింటిలోనూ 1:2. ఇలా రెట్టింపైన స్వరాన్ని అదే పేరుతో పిలుస్తాం. కింది ‘స’ 240 అయితే పై ‘స’ 480. ఈ రెంటి మధ్య దూరమే ఒక స్థాయి.

శంకరాభరణంలోని స్వరాలకు సరళ భిన్నాల పద్ధతిలో నిష్పత్తులు ఇవి. ‘స’ 240 అనుకుందాం.

స – 1 – 240
రి – 9/8 – 270
గ – 5/4 – 300
మ – 4/3 – 320
ప – 3/2 – 360
ద – 5/3 – 400
ని – 15/8 – 450
పై స – 2 – 480

2. తొంభై సెంటీమీటర్ల తీగ

ఈ భిన్నాలను కంటితో చూడవచ్చు. బిగింపు మారకుండా ఉంటే తీగ పౌనఃపున్యం దాని పొడవుకు విలోమానుపాతంలో ఉంటుంది. పొడవు సగమైతే పౌనఃపున్యం రెట్టింపు. పొడవు మూడింట రెండు వంతులైతే పౌనఃపున్యం 3/2 రెట్లు. అంటే భిన్నాన్ని తిరగేస్తే చాలు.

ఒక మీటరు పొడవైన చెక్క తీసుకుని, రెండు చివరలా మేకులు కొట్టి సన్నని ఉక్కు తీగ బిగించండి. తీగ కింద సరిగ్గా 90 సెంటీమీటర్ల దూరంలో రెండు పెన్సిళ్ళు అడ్డంగా పెట్టండి. ఒక వైపున ఖాళీ డబ్బా ఆనిస్తే శబ్దం బాగా వినిపిస్తుంది. మీటితే వచ్చేది ‘స’. ఇప్పుడు తీగను ఒక చివర నుండి ఈ కొలతల దగ్గర నొక్కి, కొలిచిన వైపునే మీటండి.

రి 80, గ 72, మ 67.5, ప 60, ద 54, ని 48, పై స 45 సెంటీమీటర్లు.

90ని పై భిన్నాలతో భాగిస్తే వచ్చే సంఖ్యలే ఇవి. సంగీతం నేర్వని వారు కూడా ఒక స్కేలుతో సరిగమలు పలికించవచ్చు. (తీగను మరీ బిగించవద్దు. తెగితే కంటికి తగులుతుంది.)

పొడవు మార్చకుండా బిగింపు మార్చినా స్వరం మారుతుంది. డప్పును మంట సెగకు కాచేది ఇందుకే. వేడికి తోలులోని తేమ పోయి బిగుసుకుంటుంది, మోత హెచ్చుతుంది. అయితే తీగలో బిగింపు లెక్క వేరు. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. స్వరం రెట్టింపు కావాలంటే బిగింపు నాలుగు రెట్లు కావాలి. ‘ప’ కావాలంటే 3/2 వర్గం, అనగా 9/4 రెట్లు.

ఈ వర్గమూలం సంగతి బయటపడటం వెనుక మనం గుర్తుంచుకోవలసిన కథ ఒకటి ఉంది. గ్రీకు గణితవేత్త పైథాగరస్ కమ్మరి కొలిమి పక్కగా వెళ్తూ సుత్తుల మోత విన్నాడనీ, వాటి బరువులు 12, 9, 8, 6 నిష్పత్తిలో ఉన్నాయనీ, తర్వాత తీగలకు అవే బరువులు కట్టి స్వరాలు రాబట్టాడనీ గ్రంథాలలో రాశారు. సుమారు 1500 ఏళ్ళ పాటు దాన్ని ఒకరి నుండి ఒకరు రాసుకుంటూ పోయారు. చివరకు ఇటలీకి చెందిన వాద్యకారుడు విన్సెంజో గెలీలీ తీగలకు నిజంగా బరువులు కట్టి చూశాడు. రెట్టింపు బరువుకు స్వరం రెట్టింపు కాలేదు, నాలుగు రెట్లకు అయింది. 1589లో ఆయన ఈ విషయం ప్రచురించాడు. ఈయన కుమారుడే మనం పాఠాల్లో చదివే గెలీలియో! పుస్తకంలో ఉన్నదైనా సరే, చేసి చూడనిదే నమ్మకూడదన్న పాఠం ఆ ఇంట్లోనే ఉంది.

3. ‘స’కు ‘ప’ ఎందుకు ఇంపు?

తీగ మీటినప్పుడు మొత్తం తీగ ఒక్కటే ఊగదు. సగాలుగా, మూడో వంతులుగా, నాలుగో వంతులుగా కూడా ఏకకాలంలో కంపిస్తుంది. అందువల్ల 240 హెర్ట్జ్ తీగలో 480, 720, 960, 1200... కూడా సన్నగా పలుకుతుంటాయి. ఇవన్నీ 240 గుణిజాలే కదా!

‘ప’ 360. దాని గుణిజాలు 720, 1080, 1440... రెండు వరుసలూ మొదట కలిసేది 720 వద్ద. అది 240, 360ల క.సా.గు. ‘గ’ 300. 240, 300ల క.సా.గు. 1200. ‘స’ వరుసలో అది ఐదోది, ‘గ’ వరుసలో నాలుగోది. రెండు స్వరాల క.సా.గు. ఎంత తొందరగా వస్తే అవి అంతగా కలిసిపోతాయి. ఇంపుకు ఇదొక్కటే కారణం కాదు గాని, ముఖ్యమైన కారణం.

తంబురాను శ్రద్ధగా వింటే ఎవరూ మీటని గాంధారం తనంతట తానే వినిపిస్తుంది. అది ‘స’ తీగలోని ఐదో గుణిజమే. విజయనగర కాలంలో, 1550లో రామామాత్యుడు రచించిన ‘స్వరమేళకళానిధి’లో స్వయంభూ స్వరాలు అనే మాట కనిపిస్తుంది. వీణపై మెట్లు ఎక్కడ అమర్చాలో కూడా ఆ గ్రంథం వివరిస్తుంది.

రెండు స్వరాలు దాదాపు ఒకటిగా ఉండి, కొద్దిగా తేడా ఉంటే ఏమవుతుంది? 300, 302 హెర్ట్జ్ ధ్వనులు కలిపి వింటే శబ్దం సెకనుకు రెండుసార్లు హెచ్చి తగ్గుతుంది. వీటిని విస్పందనాలు అంటారు. శ్రుతి చేసేవారు వినేది వీటినే. అలలా ఊగే ఆ శబ్దం మెల్లగా తగ్గి ఆగిపోయినప్పుడు శ్రుతి కలిసినట్లు.

4. మూడున్నర ఎందుకు లేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. పై పట్టికలో ప్రతి స్వరాన్నీ దాని ముందు స్వరంతో భాగించండి.

స నుండి రి – 9/8
రి నుండి గ – 10/9
గ నుండి మ – 16/15
మ నుండి ప – 9/8
ప నుండి ద – 10/9
ద నుండి ని – 9/8
ని నుండి పై స – 16/15

ఏడు అడుగులలో ఐదు పెద్దవి, రెండు చిన్నవి. చిన్న అడుగు పెద్ద అడుగులో సుమారు సగం. హార్మోనియం మొదటి తెల్ల మెట్టు నుండి వరుసగా ఏడు తెల్ల మెట్లు నొక్కితే శంకరాభరణం వస్తుంది. ఆ మెట్లకే 1 నుండి 7 వరకు శ్రుతి అంకెలు. పెద్ద అడుగు ఉన్నచోటల్లా మధ్యలో ఒక నల్ల మెట్టు పెట్టారు. అదే ‘అర’. మూడుకు నాలుగుకు మధ్య, అనగా గ–మ మధ్య, ఉన్నదే అర అడుగు. అక్కడ ఇంకో మెట్టుకు చోటు లేదు. ఏడుకు పై ఒకటికి మధ్య కూడా అంతే. అందుకే మూడున్నర, ఏడున్నర లేవు. ఏడు తెల్లవి, ఐదు నల్లవి, మొత్తం పన్నెండు మెట్లు.

5. మూతపడని వలయం

‘స’కు ‘ప’ చక్కగా కలుస్తుంది కాబట్టి, ‘ప’ సాయంతోనే పన్నెండు స్వరాలూ రాబట్టవచ్చు కదా అనిపిస్తుంది. 240తో మొదలుపెట్టి 3/2తో గుణిస్తూ పోదాం. 480కి మించితే సగం చేద్దాం.

240, 360, 270, 405, 303.75, 455.63, 341.72, 256.29, 384.43, 288.33, 432.49, 324.37...

పన్నెండు స్వరాలు వచ్చాయి. పదమూడోసారి మళ్ళీ 240కి చేరితే వలయం పూర్తవుతుంది. కానీ వచ్చేది 243.27! మూడుకు పైగా ఎక్కువ. బయలుదేరిన ఇంటికి కాకుండా పక్కింటికి చేరుకున్నాం.

మన గుణకారంలో పొరపాటు ఉందా? లేదు. 3ను 12 సార్లు గుణిస్తే 5,31,441. 2ను 19 సార్లు గుణిస్తే 5,24,288. రెండూ సమానమైతే వలయం మూసుకునేది. అవి దగ్గరగా ఉన్నాయి గాని సమానం కావు.

పన్నెండు కాకుండా ఇంకెన్నిసార్లు గుణిస్తే కలుస్తుంది? ఎన్నిసార్లు గుణించినా కలవదు. రుజువు ఒక్క వాక్యమే. 3ను ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్యే వస్తుంది, 2ను ఎన్నిసార్లు గుణించినా సరి సంఖ్యే వస్తుంది, బేసి సంఖ్య సరి సంఖ్యకు సమానం కాదు. ఏ రాజు ఆజ్ఞాపించినా, ఏ విద్వాంసుడు సాధన చేసినా ఈ వలయం మూతపడదు.

ఇంకొకటి గమనించండి. ఈ వరుసలో ‘ద’ 405 వచ్చింది. మొదటి పట్టికలో ‘ద’ 400. ‘గ’ ఇక్కడ 303.75, అక్కడ 300. ఏ దారిన వెళ్ళామనే దాన్ని బట్టి స్వరం మారుతోంది. గాయకునికి దీనితో ఇబ్బంది లేదు. రాగానికి తగినట్లు గొంతు సవరించుకుంటాడు. వయొలిన్‌కు మెట్లే లేవు, వేలు కొంచెం జరిపితే చాలు. వీణకు 24 మెట్లున్నా తీగను పక్కకు లాగి స్వరం పెంచవచ్చు. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి వంటి చోట్ల ఆ మెట్లను మైనంలో కూర్చి, చెవితో విని సరిచేస్తారు. హార్మోనియానికి ఆ వెసులుబాటు లేదు. రీడు ఒకసారి ఎంతకు చేశారో అంతే పలుకుతుంది.

6. లోటును పంచుకోవడం

హార్మోనియాన్ని 240 ‘స’గా, మొదటి పట్టిక ప్రకారం స్వచ్ఛమైన భిన్నాలతో శ్రుతి చేశామనుకుందాం. 240 శ్రుతి గల నటుడు పాడితే అమృతమే. తర్వాత వచ్చిన నటుడు 270ని ‘స’గా అడిగాడు. అతని ‘ప’ 270 × 3/2 = 405 కావాలి. మన దగ్గరున్న రీడు 400. సెకనుకు ఐదు కంపనాల తేడా! ‘స–ప’లే కలవకపోతే ఇక పద్యం ఏం నిలుస్తుంది? ఒక నాటకంలో పది పాత్రలుంటే పది హార్మోనియాలు మోసుకురావడం సాధ్యమా?

దీనికి గణితం చూపిన ఉపాయం గుణశ్రేఢి. స్థాయిని పన్నెండు సమాన నిష్పత్తులుగా విభజించాలి. ప్రతి మెట్టూ ముందు మెట్టుకు ‘ఆర్’ రెట్లు అనుకుంటే, ‘ఆర్’ను 12 సార్లు గుణించినప్పుడు 2 రావాలి. 1.06 ప్రయత్నిద్దాం. దాని ఘనం 1.1910, దాని వర్గం 1.4185, మళ్ళీ వర్గం 2.0122. కొంచెం ఎక్కువ. 1.059తో చేస్తే 1.9895, కొంచెం తక్కువ. సరైన విలువ సుమారు 1.059463. ఇది కరణీయ సంఖ్య. దశాంశాలు ఎంత దూరం రాసినా ముగియవు, ఆవృతం కావు. చైనాలో మింగ్ రాజవంశీయుడైన ఝూ జాయ్యూ 1584లోనే దీన్ని ఎన్నో దశాంశ స్థానాల వరకు లెక్కకట్టాడు. యూరప్‌లో సైమన్ స్టెవిన్ కూడా దాదాపు ఆ కాలంలోనే ఈ లెక్క చేశాడు.

ఈ పద్ధతిలో ‘స’ 240 అయితే మిగతావి ఇలా వస్తాయి. కుండలీకరణాల్లో ఉన్నవి స్వచ్ఛ భిన్నాల విలువలు.

రి 269.39 (270)
గ 302.38 (300)
మ 320.36 (320)
ప 359.59 (360)
ద 403.63 (400)
ని 453.06 (450)
పై స 480 (480)

పై ‘స’ తప్ప ఏదీ కచ్చితంగా లేదు! కానీ ‘ప’ తేడా అరకన్నా తక్కువ. ముఖ్యమైన విషయమేమిటంటే, ఏ మెట్టును ‘స’ చేసుకున్నా ఇవే నిష్పత్తులు వస్తాయి. ఒకటిన్నర వారికి, నాలుగు వారికి, ఐదున్నర వారికి ఒకే న్యాయం. మన హాస్టల్లో పన్నెండు మంది బంతిలో కూర్చున్నప్పుడు కూర కొంచెం తక్కువైతే, చివరి వాడికి ఖాళీ పళ్ళెం పెట్టకుండా తలా ఒక చెంచా తగ్గించుకుంటాం కదా! వలయంలో మిగిలిపోయిన ఆ మూడు కంపనాల తేడాను కూడా పన్నెండు ‘ప’లూ తలా కాస్త పంచుకున్నాయి.

1955లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఆరో తెల్ల మెట్టుకు 440 హెర్ట్జ్ ప్రమాణంగా సిఫారసు చేసింది. దాని ప్రకారం నడిమి స్థాయిలో మన శ్రుతులు ఇవి:

ఒకటి 261.63, ఒకటిన్నర 277.18; రెండు 293.66, రెండున్నర 311.13; మూడు 329.63, నాలుగు 349.23, నాలుగున్నర 369.99, ఐదు 392.00; ఐదున్నర 415.30, ఆరు 440, ఆరున్నర 466.16; ఏడు 493.88.

ఏ రెండు పక్క సంఖ్యలను భాగించినా సుమారు 1.0595 వస్తుంది. చేసి చూడండి.

7. రేడియోలో హార్మోనియం కేసు

హార్మోనియం మన దేశపు వాద్యం కాదు. పారిస్‌లో అలెగ్జాండర్ డెబాయిన్ 1842లో దానికి పేటెంటు పొందాడు. మన దేశానికి వచ్చాక కాళ్ళతో తొక్కే పెట్టె కాస్తా చేత్తో తిత్తి ఊదే చిన్న పెట్టెగా మారింది. కింద కూర్చుని వాయించవచ్చు, భుజాన వేసుకుని పోవచ్చు. భజనలకు, హరికథలకు, పద్య నాటకాలకు అదే ఆధారమైంది.

విద్వాంసుల నుండి మాత్రం దానికి వ్యతిరేకత వచ్చింది. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు ఆ వాద్యం నచ్చేది కాదు. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. అది గమకం పలకదన్నది ఒక ఆరోపణ. దాని స్వరాలు అపశ్రుతులన్నది రెండోది. మూడు దశాబ్దాల తర్వాత, 1971లో ఆ నిషేధాన్ని చాలావరకు సడలించారు.

మన లెక్క ప్రకారం ఆ రెండు ఆరోపణలనూ పరిశీలిద్దాం. గమకం పలకదన్నది నిజమే. గొంతు జారినట్లు రీడు జారలేదు. గాంధారం తేడా ఉందన్నదీ నిజమే. తంబురా తీగలో 1200 దగ్గర స్వయంభూ గాంధారం పలుకుతుంటే, హార్మోనియం గాంధారంలోని నాలుగో గుణిజం 1209.5 దగ్గర ఉంటుంది. సెకనుకు తొమ్మిది పైగా విస్పందనాలు. శిక్షణ పొందిన చెవికి అది గరుకుగానే తగులుతుంది.

కానీ ఆ తేడా హార్మోనియం చేసిన వాడి అజాగ్రత్త వల్ల వచ్చింది కాదు, వాయించేవాడి అజ్ఞానం వల్ల వచ్చింది కూడా కాదు. 3 బేసి, 2 సరి కావడం వల్ల వచ్చింది. 1910ల్లో కె.బి. దేవల్, ఇ. క్లెమెంట్స్ ఇరవై రెండు శ్రుతుల హార్మోనియం చేయించి చూశారు. మెట్లు పెరిగితే తేడా తగ్గుతుంది గాని వాయించడం కష్టమవుతుంది. అది జనంలోకి రాలేదు. ఒకే గాయకునికి ఒకే శ్రుతిలో తోడు వాయించాలంటే స్వచ్ఛ భిన్నాలు మేలు. పది గొంతులకు ఒకే పెట్టె తోడు నిలవాలంటే సమాన విభజన మేలు. ఏది కావాలన్నది అవసరాన్ని బట్టి మనం ఎంచుకోవాలి. రెండూ ఒకే పెట్టెలో దొరకవు. రేడియో గదిలో లోపంగా లెక్కించిన గుణమే ఊరి రచ్చబండ దగ్గర తెల్లవార్లూ నాటకాన్ని నడిపింది.

ఎవరైనా ఒక వాద్యాన్ని గాని, ఒక పాటను గాని ‘అపశ్రుతి’ అన్నప్పుడు, దేనితో పోల్చి అంటున్నారు, తేడా ఎంత అని అడగడానికి మనకిప్పుడు లెక్క వచ్చు. భిన్నాలు, క.సా.గు., బేసి–సరి, గుణశ్రేఢి: ఇంతకుమించి ఇందులో మనం వాడినవి లేవు. ఇవన్నీ పదో తరగతి లోపు పాఠాలే.

చేసి చూడండి

1. తీగ 60 సెంటీమీటర్లే ఉంటే ‘గ’, ‘ప’ స్థానాలు ఎక్కడ?
2. ‘స’ 256 హెర్ట్జ్ అయితే ‘ప’ ఎంత? వాటి క.సా.గు. ఎంత?
3. మొదటి పట్టికలో 360ని ‘స’గా తీసుకుని శంకరాభరణం పాడాలి. ఉన్న స్వరాలలో (రెట్టింపులతో సహా) ఏవి సరిపోతాయి, ఏవి సరిపోవు?

జవాబులు: 1) 48, 40 సెంటీమీటర్లు. 2) 384, క.సా.గు. 768. 3) గ 450, మ 480, ప 540, ద 600 సరిపోతాయి. రి 405 కావాలి, ఉన్నది 400. ని 675 కావాలి, ఉన్నది 640. ఈ రెండూ సరిపోవు.

మూడో లెక్క చేసినవారు, ‘ని’ కోసం కొత్త మెట్టు ఎక్కడ పెట్టాలో కూడా కనుక్కోండి. 675లో సగం 337.5. అది ‘మ’కు ‘ప’కు మధ్య పడుతుంది. హార్మోనియం మీద నాలుగుకు ఐదుకు మధ్యనున్న నల్ల మెట్టు చోటు సరిగ్గా అదే!